నొప్పి తగ్గాక ఈసీజీ మారింది... ట్రెడ్‌మిల్ చేయించొచ్చా?

ప్రశ్న: మా ఆయనకు 51 ఏళ్లు. షుగర్‌కు మాత్రలు వాడుతున్నారు. మొన్న రాత్రి భోజనం చేశాక ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టయి, చెమటలు పట్టాయి. 20 నిమిషాల్లో తగ్గిపోయింది. గ్యాస్ అనుకున్నాం. మర్నాడు ఈసీజీ తీసి, ‘వీ2, వీ3లో (ఛాతీ మీద పెట్టే రెండు ఎలక్ట్రోడ్ల గీతల్లో) టీ వేవ్ (ప్రతి గుండె చప్పుడు చివర వచ్చే అల) తలకిందులైంది, వెలెన్స్ సిండ్రోమ్ కావచ్చు, వెంటనే యాంజియోగ్రామ్ చేయించాలి’ అన్నారు. ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగేది) నార్మల్‌గానే ఉంది. ఇంకోచోట అడిగితే ముందు ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి చూద్దామన్నారు. ఇప్పుడు నొప్పి లేదు కదా, దసరా అయ్యాక చూద్దామంటున్నారు ఆయన. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు చేయాల్సిన పని చెప్తాను, కారణాలు తర్వాత. మీ వారిని ట్రెడ్‌మిల్ ఎక్కించవద్దు. దసరా దాకా ఆగవద్దు. ఇది చదివే సమయానికి ఇంకా ఇంట్లోనే ఉంటే, ఈ రోజే క్యాథ్‌ల్యాబ్ (యాంజియోగ్రామ్ చేసి, స్టెంట్ వేసే గది) ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. బండి ఆయన నడపకూడదు. ఇప్పటిదాకా తీసిన ఈసీజీ కాగితాలన్నీ వెంట ఉండాలి.

గుండె ముందు గోడకు రక్తం అందించే పెద్ద ధమనిని ఎల్‌ఏడీ అంటారు. దాని పైభాగంలో కొవ్వు పేరుకున్నచోట పగులు వచ్చి రక్తం గడ్డకడితే దారి మూసుకుపోతుంది. ఆ 20 నిమిషాల బరువు, చెమటలు అలాంటప్పుడు వచ్చేవే. గడ్డ కొంత కరిగి రక్తం మళ్లీ పారితే నొప్పి పోతుంది. అయితే రక్తం అందక దెబ్బతిని తేరుకుంటున్న కండరం ఈసీజీలో టీ వేవ్‌ను కిందికి తిప్పుతుంది. అందుకే ఈ గుర్తు నొప్పి ఉన్నప్పుడు కాకుండా తగ్గాక కనిపిస్తుంది. నొప్పి పోయినా ధమనిలోని ఇరుకు అలాగే ఉంటుంది. పైగా షుగర్ ఉన్నవారికి గుండె నొప్పి సరిగా తెలియకపోవచ్చు. కాబట్టి ‘నొప్పి లేదు’ అన్న మాట మీద మీ వారి విషయంలో అసలు ఆధారపడలేం.

వెలెన్స్ సిండ్రోమ్ అనే ఈ గుర్తును 1982లో నెదర్లాండ్స్‌కు చెందిన డి జ్వాన్, బార్, వెలెన్స్ వివరించారు. గుండెపోటు రాబోతోందన్న అనుమానంతో చేరిన 145 మందిని పరిశీలిస్తే 26 మందిలో ఇది కనిపించింది. వారిలో బైపాస్ చేయని 16 మందికి మందులతో నొప్పి అదుపులోకి వచ్చినా, 12 మందికి కొద్ది వారాల్లోనే గుండె ముందు గోడకు పెద్ద గుండెపోటు వచ్చింది. తర్వాత 1,260 మందిపై చేసిన పరిశీలనలో ఈ గుర్తు ఉన్న 180 మందికీ ఎల్‌ఏడీలో ఇరుకు ఉంది. అప్పటికీ ఇప్పటికీ మందులు చాలా మారాయి కనుక ఆ 16లో 12 అన్న లెక్కను మీ వారికి యథాతథంగా వర్తింపజేసి భయపడొద్దు. కానీ ఆ ఇరుకును ఆలస్యం చేయకుండా చూడాలన్న పాఠం ఈనాటికీ మారలేదు.

ట్రెడ్‌మిల్ ఎందుకు వద్దంటున్నానంటే, ఆ పరీక్షలో గుండె వేగాన్నీ బీపీనీ కావాలనే పెంచుతారు. సన్నటి దారి మిగిలిన ధమని ఆ అవసరానికి సరిపడా రక్తం ఇవ్వలేదు. పరీక్ష మధ్యలోనే గుండెపోటు రావచ్చు, గుండె లయ తప్పి ఆగిపోనూ వచ్చు. స్థిరంగా ఉండి, నడిస్తే నొప్పి వస్తోందా లేదా అన్న సందేహం ఉన్నవారికి ఆ పరీక్ష పనికొస్తుంది. మీ వారి పరిస్థితి అది కాదు.

ట్రోపోనిన్ నార్మల్ అన్నది కూడా ఊరట కాదు. ధమని కొద్దిసేపే మూసుకుంటే కండరం చచ్చిపోయేంత దెబ్బ తగలదు, కాబట్టి ట్రోపోనిన్ పెరగకపోవచ్చు, లేదా కాస్తే పెరగొచ్చు. ఎకో (గుండె స్కాన్) కూడా మామూలుగా ఉండొచ్చు. ఈసీజీలో కండరం చచ్చిపోయిందని చెప్పే మార్పులు, అంటే క్యూ వేవ్ లేకపోవడం, ఆర్ వేవ్ తగ్గకపోవడం, టీ వేవ్‌కు ముందుండే ఎస్‌టీ భాగం గీత మీదే లేదా 1 మి.మీ. లోపు పైకి ఉండటం ఈ సిండ్రోమ్ లక్షణాలే. టీ వేవ్ రెండు రకాలుగా ఉంటుంది: ఎక్కువమందిలో లోతుగా, రెండు వైపులా సమానంగా కిందికి దిగుతుంది; కొందరిలో ముందు పైకి లేచి, చివర్లో కిందికి పడుతుంది. ఈ రెండో రకాన్ని హడావిడిలో చూసీ చూడనట్టు వదిలేసే ప్రమాదం ఉంది.

ఒక విషయం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. నొప్పి మళ్లీ వచ్చినప్పుడు తలకిందులైన టీ వేవ్ నిటారుగా లేచి ఈసీజీ ‘నార్మల్’ లాగా కనిపించవచ్చు. అది బాగుపడటం కాదు, ధమని మళ్లీ మూసుకుందన్నమాట. పాత ఈసీజీ పక్కన పెట్టుకుని చూస్తేనే తేడా తెలుస్తుంది. అందుకే ఆ కాగితాలు ముఖ్యమని మొదట్లోనే చెప్పాను. థర్మల్ కాగితం మీద గీతలు మాసిపోతాయి కనుక ఫొటో కూడా తీసి ఫోన్‌లో ఉంచుకోండి.

వీ2, వీ3లో టీ వేవ్ తిరగబడటానికి వేరే కారణాలూ ఉంటాయి. ఊపిరితిత్తుల్లో గడ్డ, మెదడులో రక్తస్రావం, గుండె గోడ మందం కావడం వంటివి. ఎలక్ట్రోడ్లు తప్పుగా అంటించినా ఇలా కనిపించవచ్చు. వీ1, వీ2లను ఛాతీ ఎముకకు చెరో పక్క నాలుగో పక్కటెముకల సందులో పెట్టాలి. చాలాచోట్ల రెండో, మూడో సందులోనే పెట్టేస్తుంటారు. కనుక ఆసుపత్రిలో చేరాక సరిగ్గా అమర్చి మళ్లీ ఈసీజీ తీస్తారు. ఈ అనుమానాలు తీర్చుకోవాల్సింది అక్కడే, ఇంట్లో కూర్చుని కాదు.

యాంజియోగ్రామ్ సాధారణంగా మణికట్టు నుంచి చేస్తారు. ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్త పరీక్ష) చూస్తారు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే తప్పక చెప్పండి. కిడ్నీ పనితీరు బాగా తక్కువగా ఉంటే రంగు మందు ఇచ్చాక దాన్ని 48 గంటలు ఆపుతారు. ఇరుకు ఉంటే చాలామందికి స్టెంట్ సరిపోతుంది. మూడు ధమనుల్లోనూ జబ్బు ఉంటే, ముఖ్యంగా షుగర్ ఉన్నవారికి, బైపాస్ మేలు కావచ్చు. స్టెంట్ వేస్తే రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ గానీ టికాగ్రెలార్ గానీ సాధారణంగా 12 నెలలు వాడాలి. పన్ను తీయించుకోవడానికైనా కార్డియాలజిస్టును అడగకుండా ఆపకూడదు. ఖర్చు గురించి ఆగుతుంటే, ఆరోగ్యశ్రీ ఉన్న ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి. స్టెంట్ చికిత్స ఆ పథకంలో ఉంది.

బయల్దేరే లోపే నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి. ఆస్పిరిన్ పడకపోవడం, కడుపులో పుండు నుంచి రక్తం పోవడం లాంటివి లేకపోతే, 300–325 మి.గ్రా. ఆస్పిరిన్ నమిలి మింగించండి. ఇంట్లో 75 మి.గ్రా. మాత్రలే ఉంటే నాలుగు. నాలుక కింద పెట్టే సార్బిట్రేట్‌ను (రక్తనాళాలను వెడల్పు చేసే మాత్ర) డాక్టర్ రాసి ఉంటేనే, కూర్చోబెట్టి ఇవ్వండి. బీపీ పై అంకె 100 కన్నా తక్కువ ఉన్నా, లైంగిక సామర్థ్యానికి వాడే సిల్డెనాఫిల్ వేసుకుని 24 గంటలు, టడలాఫిల్ వేసుకుని 48 గంటలు కాకపోయినా ఇవ్వకూడదు. క్యాజువాలిటీలో మొదటి మాటగా ‘మొన్న నొప్పి వచ్చి తగ్గింది, తర్వాతి ఈసీజీలో వెలెన్స్ అన్నారు, పాత ఈసీజీ ఇదిగో’ అని చెప్పి కాగితం చేతికివ్వండి.