సోలార్ ప్లాంట్ వస్తే నేల పాడవుతుందా? (సమాధానం)

మీ ఊరి పక్కన పెద్ద సోలార్ ప్లాంట్ వస్తోందని, నేల ఎందుకూ పనికిరాకుండా పోతుందని, ఊరికి ఏమీ మిగలదని టెన్షన్ పడుతున్నారు కదా. ముందు నేల సంగతి చూద్దాం.

ఒక మెగావాట్ (వెయ్యి కిలోవాట్ల) సామర్థ్యానికి సుమారు 5 ఎకరాలు పడుతుంది. సాధారణంగా ఇనుప స్తంభాలను నేలలోకి దించి, వాటిమీద ఫ్రేములు బిగిస్తారు. 25, 30 ఏళ్ల తర్వాత వాటిని పీకేయొచ్చు. అన్నేళ్లూ దున్నడం, పురుగుమందు ఉండవు కాబట్టి గడ్డి వేళ్లు పట్టుకుని మట్టి కోలుకుంటుంది. కానీ పైమట్టి గీకేసి, కలుపుమందు కొట్టి వదిలేస్తే కథ వేరు. వాన నీళ్లు ప్యానెల్ కింది అంచు నుంచి ఒకే వరసలో పడతాయి. అక్కడ గడ్డి లేకపోతే కాలువలా కోసుకుపోతుంది. అందుకే పైమట్టి కదపకూడదని, స్థానిక గడ్డి, పూలమొక్కల విత్తనాలు చల్లాలని కంపెనీతో చేసుకునే ఒప్పందంలోనే రాయించండి. తేనెటీగలు వస్తాయి. ప్యానెళ్లను కాస్త ఎత్తులో పెట్టిస్తే కింద గొర్రెలు మేస్తాయి, కంపెనీకి గడ్డి కోత ఖర్చూ తగ్గుతుంది.

పొగ, బూడిద బెడద ఉండదు. బొగ్గు ప్లాంటుతో పోలిస్తే నీటి వాడకం చాలా తక్కువ. అయినా ప్యానెళ్లు కడగడానికి నీళ్లు ఎక్కడివో అడగండి.

ఉద్యోగాల మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. కట్టేటప్పుడు చాలామందికి పని దొరుకుతుంది, తర్వాత కొద్దిమందికే. నిలకడైన లాభం ఏటా వచ్చే కౌలు, స్థానిక పన్ను, కంపెనీ ఊరికి ఇచ్చే నిధి. వీటితోపాటు, చివర్లో ప్యానెళ్లు తీసేసే ఖర్చుకు ఇప్పుడే బ్యాంకు గ్యారంటీ (కంపెనీ కట్టకపోతే బ్యాంకు కట్టే హామీ) అడగండి.