పసుపు ఆకు తెల్లబడుతుంటే యూరియా కాదు, ముందు నేల చూడండి

అన్నా, నల్లరేగడిలో పసుపు వేసి మూడు నెలలైంది, ఆకులు పాలిపోతున్నాయి, రెండుసార్లు యూరియా వేసినా మార్పు లేదని రాశారు. ఆర్మూరు దగ్గర మా రెండెకరాల్లో అచ్చం ఇదే జరిగింది. మందుల షాపులో నత్రజని లోపం అన్నారు, నమ్మి యూరియా వేశాం. చేను ఇంకా పాలిపోయింది, నాన్నకు నిద్రపట్టేది కాదు.

ముందు ఒక మొక్క దగ్గర కూర్చుని చూడండి. నత్రజని తక్కువైతే అడుగు ఆకులు ముందు పాలిపోతాయి. మా చేలో అడుగు ఆకులు ముదురు పచ్చగానే ఉన్నాయి. సుడిలోంచి (మొక్క నడిమి మొవ్వులోంచి) కొత్తగా విచ్చుకునే ఆకు మాత్రం కాగితంలా తెల్లగా, ఈనెలు మాత్రం పచ్చగా, గీతలు గీసినట్టు ఉండేది. అది ఇనుము లోపం.

మట్టి పరీక్షలో నేల క్షార గుణం చూపే పిహెచ్ 8.4 వచ్చింది, సున్నం ఎక్కువ అని రాసిచ్చారు. నిజానికి మన నేలలో ఇనుముకు కొదవ లేదు. సున్నం ఎక్కువైన చోట అది తుప్పులా గట్టిపడి నీటిలో కరగదు, వేరుకు అందదు. చేలో నీళ్లు నిలిస్తే ఇంకా కష్టం. గాలి ఆడక మట్టిలో బైకార్బొనేట్ పెరిగి, ఉన్న కాస్త ఇనుమునూ మొక్క తీసుకోలేదు. మా చేలో పల్లం వైపే ముందు తెల్లబడడానికి కారణం అదేనని తర్వాత అర్థమైంది.

ఇప్పుడు చేయాల్సింది పిచికారీ. లీటరు నీటికి అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము. సాయంత్రం పూట ఆకులు తడిసేలా కొట్టి, వారం ఆగి మళ్లీ కొట్టండి. అన్నభేది పలుకులు లేత ఆకుపచ్చగా ఉండాలి. గోధుమ రంగుకు తిరిగిన పాత సరుకు కొనకండి, అది పనిచేయదు. కలిపిన నీళ్లు ఆ పూటే వాడేయండి. మాకు ఆరో రోజుకు ఆకులో పచ్చదనం తిరిగొచ్చింది. కానీ ఆ తర్వాత విచ్చిన ఆకు మళ్లీ పాలిపోయింది, అందుకే మూడుసార్లు కొట్టాల్సి వచ్చింది.

అన్నభేదిని ఊరికే నేలలో చల్లితే డబ్బు దండగ, అది కూడా అలాగే గట్టిపడిపోతుంది. బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి వేస్తే కొంత నిలుస్తుంది. జిప్సం వేయమని ఎవరైనా చెబితే పరీక్ష కాగితం చూపించి అడగండి. అది సోడియం ఎక్కువైన చౌడుకు పనికొస్తుంది కానీ, సున్నపు నేలకు కాదు. భాస్వరం ఉండే డీఏపీ ఎరువు కూడా అవసరానికి మించి వేయొద్దు, భాస్వరం ఎక్కువైతే ఇనుము, జింకు రెండూ అందవు.

వచ్చే ఏడు విత్తే ముందు జనుము గానీ జీలుగ గానీ పచ్చిరొట్టగా వేసి, పూతకు రాగానే నేలలో కలిసేలా దున్నేయండి. ఎత్తు బోదెల మీద పసుపు పెట్టండి. నీళ్లు నిలవకపోతే దుంపకుళ్లు బెడద కూడా తగ్గుతుంది. మేం ఈ రెండూ చేశాక కొమ్ములు లావుగా ఊరాయి.

మట్టి పరీక్ష ఇంకా చేయించకపోతే ఈ వారమే ఇవ్వండి, ఇనుము, జింకు లాంటి సూక్ష్మపోషకాలు కూడా చూడమని చెప్పండి. నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం ఉంది, దగ్గరైతే తెల్లబడిన ఆకు, బాగున్న ఆకు రెండూ పట్టుకెళ్లి చూపించండి. కొత్త ఆకు ఫోటో, నీళ్లు ఎన్ని రోజులకోసారి పెడుతున్నారో ఇక్కడ పెడితే నేనూ చూసి చెబుతాను.