విమానంలో ఆక్సిజన్ మాస్కులు టెస్ట్ చేసే పని మా అమ్మాయికి ఎందుకండీ?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. విమానంలో ఆక్సిజన్ మాస్కులు, క్యాబిన్ ప్రెషర్ హెచ్చరికలు ఎలా టెస్ట్ చేస్తారో వీడియోల్లో చూసి ఏఎంఈ (విమానాల నిర్వహణ, మరమ్మతుల ఇంజినీరింగ్) కోర్సే చేస్తానని పట్టుబట్టింది. మేం బీటెక్ ఏరోనాటికల్ అనుకుంటున్నాం. రెండిట్లో ఏది మంచిది? ఏఎంఈ అంటే మెకానిక్ పనే కదా, రేపు ఏదైనా జరిగితే పిల్ల మీదికి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. (ఒక తల్లి, ఖమ్మం)

అమ్మా, మీరు అడిగింది కోర్సుల గురించే అయినా మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఆఖరి మాట. ముందు దాని సంగతి చూద్దాం.

ఆ భయం ఉత్తదేం కాదు. 2005 ఆగస్టు 14న సైప్రస్‌లోని లార్నకా నుంచి ఏథెన్స్‌కి బయల్దేరిన హీలియోస్ విమానం కూలి 121 మంది చనిపోయారు. బయల్దేరే ముందు నేల మీద ప్రెషర్ లీక్ టెస్ట్ చేశారు, అందుకోసం ప్రెషరైజేషన్ (ఎంత పైకి వెళ్లినా విమానం లోపల గాలి ఒత్తిడి సరిపడా ఉంచే వ్యవస్థ) స్విచ్‌ని మాన్యువల్‌లో పెట్టారు, అది మళ్లీ ఆటోలోకి రాలేదు, పైలట్ల చెక్‌లిస్టుల్లోనూ ఎవరి కంటా పడలేదు. విమానం పైకి వెళ్తుంటే హెచ్చరిక హారన్ మోగింది కానీ టేకాఫ్ సెట్టింగ్ తప్పితే వచ్చే శబ్దం కూడా అదే కావడంతో పైలట్లు దాన్నే అనుకున్నారు. వెనక ప్రయాణికుల మాస్కులు పడ్డాయి, ముందు కాక్‌పిట్‌లో ఇద్దరూ స్పృహ కోల్పోయారు. 35,000 అడుగుల ఎత్తులో ఆక్సిజన్ లేకపోతే మనిషికి తెలివిగా పనిచేసే సమయం అర నిమిషం నుంచి నిమిషం మాత్రమే.

ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పలేదు. మీ అమ్మాయి చూసిన వీడియోల్లో మాస్కులు టపటపా పడటం కనిపిస్తుంది, అసలు పని కనిపించదు. మాస్కుల డబ్బా తలుపు తెరుచుకుంటుందో లేదో చూసేటప్పుడు, మాస్కులన్నీ కిందికి జారిపోకుండా తలుపు కొద్దిగానే తెరుచుకునేలా ఒక చిన్న అడ్డు పెడతారు. టెస్ట్ అయ్యాక ఆ అడ్డు తీయడం మరిచిపోతే, నిజంగా అవసరమైన రోజున ఆ తలుపు తెరుచుకోదు. ఆక్సిజన్ సిలిండర్ల దగ్గర చేతికి జిడ్డు ఉన్నా ప్రమాదమే, ఒత్తిడి మీదున్న ఆక్సిజన్‌కి నూనె తగిలితే అంటుకోవచ్చు. టెస్ట్ చెయ్యడం ఎంత పనో, చేశాక దేన్ని ఎలా ఉండాలో అలా పెట్టి రావడం అంత పని.

అందుకే ఇక్కడ ఏదీ ఒక్కరి జ్ఞాపకశక్తికి వదిలెయ్యరు. ప్రతి పనికీ మాన్యువల్ ఉంటుంది, కీలకమైన పనుల్ని ఇంకొకరు మళ్లీ తనిఖీ చేస్తారు, ఎవరు ఏం చేశారో కాగితం మీద ఉంటుంది. విమానం ఎగరొచ్చని సంతకం పెట్టేది లైసెన్స్ ఉన్న ఇంజినీరు. నమ్మకం కుదరకపోతే సంతకం పెట్టనని చెప్పే అధికారం కూడా ఆ ఇంజినీరుదే. జాగ్రత్తగా పనిచేసే పిల్లకి ఆ కాగితమే రక్షణ. మీ అమ్మాయి హోంవర్కు ఎలా చేస్తుందో మీకు తెలుసు కదా, అడ్డదారులు వెతికే పిల్ల కాకపోతే ఈ భయం సగం వదిలెయ్యండి.

ఇక ‘మెకానిక్ పనే కదా’ అన్న మాట. కొంచెం కటువుగా చెబుతున్నాను, ఈ మాట అమ్మాయి ముందు ఇంకోసారి అనకండి. చుట్టాలకి చెప్పుకోవడానికి బీటెక్ అయితే బాగుంటుందని చాలామంది తల్లిదండ్రులు నా దగ్గరికి వస్తారు, నాలుగేళ్ల తర్వాత అదే పిల్లల్ని తీసుకుని మళ్లీ వస్తారు. ఏరోనాటికల్ బీటెక్ మీద నాకున్న అనుమానం అదే. బ్రోచర్‌లో విమానం బొమ్మ ఉంటుంది, క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఉంటాయి. ఆ డిగ్రీ ఒక్కదానితో విమానం ఎగరొచ్చని సంతకం పెట్టే అధికారం రాదు. ఆ చదువు చెడ్డదని కాదు. తేజస్ యుద్ధవిమానం పైలట్ కోసం విమానంలోనే ఆక్సిజన్ తయారుచేసే వ్యవస్థని బెంగళూరులోని డీఆర్‌డీఓ ల్యాబ్ డెబెల్ రూపొందించింది, 2025 మార్చిలో దాన్ని 50,000 అడుగుల వరకు పరీక్షించారు. అలాంటి పని కావాలంటే బీటెక్, గేట్, ఎంటెక్ దారే సరైనది. కానీ అక్కడ సీట్లు తక్కువ, మంచి కాలేజీలో చేరి కష్టపడితేనే.

మీ అమ్మాయికి చేత్తో పట్టుకుని పరీక్షించడం ఇష్టమైతే ఏఎంఈ. అందులో లైసెన్స్ కేటగిరీలుంటాయి. బీ1 అంటే ఇంజిన్లు, మెకానికల్ వ్యవస్థలు; ఆక్సిజన్, ప్రెషరైజేషన్ ఎక్కువగా దీని కిందికే వస్తాయి. బీ2 అంటే ఏవియానిక్స్, అంటే విమానంలోని ఎలక్ట్రానిక్ వ్యవస్థలు. పరీక్షల సంగతి తనకి ఇప్పటికే తెలిసుంటుంది, అవి వదిలేస్తున్నాను. ఆలస్యం మాత్రం తెలుసుకోండి: కోర్సు అవగానే లైసెన్స్ చేతికి రాదు, నడుస్తున్న విమానాల మీద అనుభవం చూపించాలి, పేపర్లన్నీ పాస్ కావాలి. మొదట్లో జీతం తక్కువ, రాత్రి షిఫ్టులు ఉంటాయి. హ్యాంగర్‌లో ఆడపిల్లలు ఇంకా తక్కువే కానీ ఉన్నారు, బాగా చేస్తున్నారు. శంషాబాద్‌లోనే విమానాలకు పెద్ద మరమ్మతులు చేసే కేంద్రాలున్నాయి, రాష్ట్రం దాటి ఎక్కడికో పంపాలేమో అన్న దిగులు అక్కర్లేదు.

ఫీజు కట్టే ముందు ఒక్క పని చేయండి. ఆ కాలేజీకి సీఏఆర్ 147 అనుమతి (ఏఎంఈ శిక్షణ ఇవ్వడానికి ఉండాల్సిన అనుమతి) ఉందో లేదో, ఏ కేటగిరీకి ఉందో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ జాబితాలో మీరే చూడండి. తర్వాత అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లి, ప్రాక్టికల్స్ ఏ హ్యాంగర్‌లో, ఎన్ని నెలలు, లైసెన్స్ వచ్చిన పాత విద్యార్థులు ఎవరు అని అడగండి. వాళ్లతో ఫోన్‌లో మాట్లాడించమంటే తప్పించుకునే కాలేజీలో చేర్చకండి.