తొడ ఎముకకు లోపల రాడ్డు ఎందుకు వేస్తారు?

మీ తమ్ముడికి తొడ ఎముక నడిమి భాగంలో విరిగిందని, పిండికట్టుతో సరిపోదా, రాడ్డు తప్పదా అని మీరు అడిగారు. బలమైన తొడ కండరాలు విరిగిన ముక్కలను ఒకదానిపైకి మరొకటి లాగేస్తాయి; ఆ లాగుడును పిండికట్టు ఆపలేదు కనుక పెద్దవారిలో కాలు పొట్టిగానో వంకరగానో అతుక్కునే ప్రమాదం ఉంది. జర్మన్ శస్త్రవైద్యుడు గెర్హార్డ్ క్యూంట్షర్ 1939లో ప్రవేశపెట్టిన పద్ధతిని అనుసరించి, మజ్జ ఉండే గొట్టంలోకి లోహపు రాడ్డును దింపుతారు. ఇప్పుడు దాని రెండు చివర్లలో అడ్డంగా స్క్రూలు కూడా బిగిస్తారు కాబట్టి ఎముక కుంగదు, మెలి తిరగదు. విరిగిన చోటును సాధారణంగా తెరవరు గనుక చుట్టూ ఉన్న కణజాలం, రక్తప్రసరణ చాలావరకు నిలుస్తాయి. నా దృష్టిలో ఈ పద్ధతి అసలు బలం అదే.

రోగి పరిస్థితి నిలకడగా ఉంటే 24 గంటల్లోపు శస్త్రచికిత్స చేయడం మేలు, ఎందుకంటే ఆలస్యం ఊపిరితిత్తుల సమస్యలకు దారితీయవచ్చు. తీవ్రమైన ఇతర గాయాలుంటే మాత్రం ముందు బయటి నుంచి ఫ్రేమ్ బిగించి, రాడ్డు తరువాత వేస్తారు.

ఒక్క విషయం తప్పక అడగండి: అదే ఎముక మెడభాగంలో, తుంటి దగ్గర, సన్నని చీలిక లేదని నిర్ధారించుకున్నారా? అది మామూలు ఎక్స్‌రేలో కనబడకుండా పోవచ్చు. ఎముక అతకడానికి సాధారణంగా 3 నుంచి 6 నెలలు పడుతుంది. పొగ తాగితే అది ఇంకా ఆలస్యమవుతుంది కనుక ఆ అలవాటుంటే ఇప్పుడే మాన్పించండి.