నాయన పోయిన రోజు ఏడుపు రాలేదు

ప్రశ్న: నాకు 49 ఏళ్లు. కోవూరు దగ్గర ఒక పల్లెలో టీచరుగా పనిచేస్తున్నాను. మా నాయన బుచ్చిరెడ్డిపాళెంలో రైసు మిల్లు గుమాస్తాగా పనిచేసి మానుకున్నారు. అమ్మ పోయాక నా దగ్గరే ఉన్నారు. ఆరేళ్లు మతిమరుపు జబ్బుతో బాధపడ్డారు. చివరి రెండేళ్లు నన్ను గుర్తుపట్టక 'అక్కా' అని పిలిచేవారు. తన డబ్బు నేను దొంగిలించానని వీధిలో వాళ్లకు చెప్పేవారు. సాయంత్రమైతే చాలు, 'మిల్లు కట్టేస్తారు, పోవాల' అంటూ గేటు దగ్గరికి వెళ్లేవారు. పాత డైరీ చేతికిస్తే వేలు తడి చేసుకుని పేజీలు తిప్పుతూ కూర్చునేవారు. ఒకరోజు స్నానానికి మొరాయిస్తే విసుగు పట్టలేక చేతిమీద కొట్టాను. నాలుగు నెలల క్రితం నిమోనియాతో పోయారు. ఆ రోజు ఏడుపు రాలేదు సరికదా, 'హమ్మయ్య' అనిపించింది. కర్మ అంతా హైదరాబాదు నుంచి వచ్చిన తమ్ముడే చేశాడు. నేను వచ్చినవాళ్లకు కాఫీలు అందిస్తూ ఉండిపోయాను. ముక్కులో గొట్టం వేయించి ఉంటే నాయన బతికేవాడని తమ్ముడు ఇప్పుడు నిందిస్తున్నాడు. బడిలో పాఠం చెబుతుండగా ఉన్నట్టుండి కన్నీళ్లు వస్తున్నాయి. నాయనను తలుచుకుంటే మంచం మీది మనిషే కనబడుతున్నారు. ఈ మధ్య నాకూ మరుపు వస్తోంది. నాకూ ఆ జబ్బు వస్తుందా?
– ఒక సోదరి, నెల్లూరు జిల్లా

సమాధానం: అమ్మా, మీరు చాలా సంగతులు రాశారు గాని, వాటన్నిటి వెనుకా ఉన్నది ఒక్కటేనని నాకు తోస్తోంది. మీ నాయనగారిని మీరు పోగొట్టుకోవడం నాలుగు నెలల క్రితం మొదలు కాలేదు. లెక్కల మనిషికి లెక్కలు తప్పడం మొదలైననాడు కొంత, కన్నకూతురిని 'అక్కా' అని పిలిచిననాడు మరికొంత ఆయన మీకు దూరమవుతూ వచ్చారు. ఆ రోజుల్లో మిమ్మల్ని పరామర్శించడానికి ఎవరూ రాలేదు, ఎవరైనా ఎందుకు వస్తారు? మనిషి ఎదురుగా కూర్చుని అన్నం అడుగుతుంటే ఆయన కోసం కన్నీళ్లు పెట్టుకునే తీరిక మీకు లేదు, ఒకవేళ పెట్టుకున్నా అపశకునమని కసిరేవాళ్లే తప్ప ఓదార్చేవాళ్లు ఉండరు. మనిషి కళ్లెదుట ఉండి మనసుతో లేకపోవడమనే ఈ ఎడబాటు గురించి అమెరికా పరిశోధకురాలు పాలీన్ బాస్ 1970లలోనే రాశారు. వియత్నాం యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలను గమనించడంతో మొదలుపెట్టిన ఆమె, తర్వాత డిమెన్షియా, అంటే మీరు రాసిన మతిమరుపు జబ్బు, ఉన్న రోగులను చూసుకునే ఇళ్లలోనూ అటువంటి దుఃఖాన్నే చూశారు. ఇన్నేళ్లు వాయిదా పడిన ఆ ఏడుపే ఇప్పుడు బడిలో, బస్సులో, వేళ కాని వేళ మీకు వస్తోంది.

ఇక 'హమ్మయ్య' అనిపించిన సంగతి. 2003లో డిమెన్షియా రోగులను ఇంట్లో చూసుకున్న 217 మందిపై అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, రోగి మరణం తమకు ఊరటనిచ్చిందని 72 శాతం మంది ఒప్పుకున్నారు. ఆ మరణం రోగికే ఊరట అయిందన్నవారు 90 శాతం పైమాటే. రాత్రిళ్లు గేటు గడియ చప్పుడైతే ఉలిక్కిపడి లేచే అవసరం తప్పిందని మీ శరీరం ఊపిరి పీల్చుకుంటే, అది మీ నాయనగారి చావును కోరుకున్నట్టు కాదు. మీరు కోరుకున్నది ఆ అవస్థ తీరాలని. అది తీరే దారి ఇంకొకటి లేకపోవడం మీ తప్పు కాదు.

చేతిమీద కొట్టిన సంగతి నేను తేలిగ్గా తీసేయదలచుకోలేదు, ఎందుకంటే తీసేస్తే మీరు నమ్మరు. 'ఆయనకు గుర్తే ఉండదులే' అని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, ఆ ఓదార్పు నాకు నచ్చదు. 2014లో అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు డిమెన్షియాలో ఎక్కువగా కనబడే రకమైన అల్జీమర్స్ రోగులకు సంతోషపెట్టే, దుఃఖపెట్టే సినిమా దృశ్యాలు చూపించినప్పుడు, చూసినది మరచిపోయిన తర్వాత కూడా దానివల్ల కలిగిన భావం వారిలో మిగిలే ఉందని తేలింది. అంటే ఆ పూట ఆయన మనసు కాసేపు నొచ్చుకునే ఉంటుంది. అయితే అదే లెక్కన, ఆరేళ్ల పాటు మీరు కలిపి పెట్టిన ముద్దలు, మార్చిన పక్కబట్టలు, మీ గొంతు వింటే కలిగిన నిబ్బరం కూడా ఆయనలో మిగిలాయి కదా. ఎవరో తెలియని మనిషిని ఆయన 'అక్కా' అని ఎందుకు పిలిచారో ఆలోచించండి. చిన్నప్పుడు తనను ఎత్తుకుని తిప్పిన మనిషి స్థానంలో మిమ్మల్ని పెట్టుకున్నారు. ఆ దెబ్బకు క్షమాపణ అడగాలని మీకు ఉంటే ఆయన ఫొటో ముందు నిలబడి పైకే అడగండి, సిగ్గుపడవలసిన పని కాదు. ఒకసారి అడిగితే చాలు, రోజూ అడగనక్కర్లేదు. దొంగతనం నిందకు మీకు కలిగిన కోపం మాత్రం న్యాయమైనదే. వస్తువు ఎక్కడ పెట్టిందీ గుర్తులేని మెదడు, అది పోవడానికి ఒక కారణం కల్పించుకుంటుంది, ఆ నింద దాదాపు ఎప్పుడూ దగ్గరుండి చూసుకునే మనిషి మీదికే వస్తుంది. దగ్గర లేనివాళ్లను నిందించడానికి ఆయనకు వాళ్లు కనబడరు కదా.

ఆహారం పోసే గొట్టం విషయంలో మీ తమ్ముడు పొరబడుతున్నారు. జబ్బు ముదిరినప్పుడు మింగడం ఎలాగో కూడా మెదడు మరచిపోతుంది, ఆహారమో లాలాజలమో ఊపిరితిత్తుల్లోకి దిగి నిమోనియా వస్తుంది. గొట్టం వేసినంత మాత్రాన ఇది ఆగదు. అమెరికాలోని వృద్ధుల వైద్య నిపుణుల సంఘం 2014లో ముదిరిన డిమెన్షియాకు గొట్టం వద్దని, ఓపికగా చేత్తో తినిపించడమే మేలని స్పష్టంగా చెప్పింది. గొట్టం ఆయుష్షును పెంచిన దాఖలా లేకపోగా, దాన్ని పీకేస్తారని రోగి చేతులు కట్టవలసి రావడం, పుండ్లు పడటం జరుగుతుంది. మీ నాయనగారు చేతులు కట్టించుకోకుండా పోయారు. మీ తమ్ముడి నిందను నేను సమర్థించను గాని, దాని వెనుక ఏముందో చెప్పగలను. ఆయన నాయనను పండుగకు రెండు రోజులు, ఫోనులో రెండు నిమిషాలు చూసిన మనిషి. మీకు మెల్లగా జరిగిన నష్టం ఆయనకు ఒక్కసారిగా జరిగింది.

కర్మ సంగతి మీరు ఒక్క వాక్యంలో ముగించారు, నాకైతే మీ బాధలో ఎక్కువ భాగం అక్కడే ఉందనిపిస్తోంది. ఆరేళ్లు ఆ శరీరాన్ని కడిగిన చేతులకు చివరి రోజున కాఫీ గ్లాసులు అందించే పని దక్కింది. ఆచారం ఎవరికి ఏ హక్కు ఇచ్చిందన్న వాదనలోకి నేను పోను గాని, దుఃఖం ముగియడానికి మనిషికి చేతినిండా ఒక పని కావాలి, మీకు అది దొరకలేదు. సంవత్సరీకానికి ఇంకా వ్యవధి ఉంది. ఆ రోజు పురోహితుడి పక్కన ఎవరు కూర్చున్నా, మీరు చేయదలచుకున్నది ముందే నిర్ణయించుకుని తమ్ముడికి చెప్పండి. జొన్నవాడ కామాక్షమ్మ గుడిలో అన్నదానం కావచ్చు, మీ బడి పిల్లలకు పుస్తకాలు కావచ్చు, మీ నాయనగారి పేరు మీద, మీ చేతుల మీదుగా జరగాలి.

మంచం మీది మనిషి ముందుకొచ్చి పాత నాయన కనబడకపోవడం చాలామందికి జరుగుతుంది, కొన్ని నెలల్లో తగ్గుతుంది కూడా. అయితే ఊరకే ఎదురుచూడకండి. ఆయన వేలు తడి చేసుకుని పేజీలు తిప్పేవారని రాశారు. పేర్లూ ముఖాలూ పోయిన తర్వాత కూడా చేతులు నేర్చుకున్న పని చాలాకాలం మిగులుతుంది, కాబట్టి అది జబ్బు మనిషి చేష్ట కాదు, చిట్టా రాసిన గుమాస్తా అలవాటు. ఆ వేలి దగ్గరనుంచి వెనక్కి నడవండి. బుచ్చిరెడ్డిపాళెంలో ఆయనతో పనిచేసిన హమాలీలు, వడ్లు తెచ్చిన రైతులు ఇంకా ఉంటారు. 'పోనీలేమ్మా, పెద్దాయన బతికిపోయాడు' అని వాళ్లు మాట ముగించబోతే, ముగించనివ్వకుండా తూకం దగ్గర నాయన ఎలా ఉండేవారో అడగండి. విన్నది ఒక నోటు పుస్తకంలో రాసుకోండి.

మీ మరుపు గురించి క్లుప్తంగా చెబుతాను. ముసలితనంలో వచ్చే డిమెన్షియా తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకు ముప్పు కొంత పెరిగే మాట నిజమే గాని, తప్పక వస్తుందని కాదు. నిద్రలేమి, దుఃఖం మరుపు తెస్తాయి. బీపీ, షుగరు, థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించుకోండి, చెవుడు ఉంటే అశ్రద్ధ చేయకండి. నిద్ర, తిండి బొత్తిగా తప్పినా, బతకాలనిపించకపోయినా, ఏడాది దాటినా ఈ దుఃఖం రోజూ ఇదే తీవ్రతతో ఉన్నా నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవండి. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ వారు రాత్రైనా పగలైనా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు.

తమ్ముడిని ఈసారి సెలవులకు ఒంటరిగా రమ్మనండి. ఆసుపత్రి కాగితాలు ఆయన చేతిలో పెట్టి, గొట్టం గురించి ఏమున్నా వైద్యం చేసిన డాక్టరునే అడగమని చెప్పండి. ఆ మాట అక్కడితో ఆపి, చిన్నప్పుడు నాయన తనను మిల్లుకు తీసుకుపోయినప్పటి సంగతులు చెప్పమనండి. మీకు తెలియనివి ఆయన దగ్గర కొన్ని ఉంటాయి.