రాజీ అంటే కాపురానికి వెళ్లడమేనా?

ప్రశ్న: మాది మలక్‌పేట. పాపకు ఏడేళ్లు. పద్నాలుగు నెలలుగా పుట్టింట్లో ఉంటున్నాను. పెద్దమనుషుల్లో మూడుసార్లు కూర్చున్నాం. ప్రతిసారీ "సర్దుకుపో అమ్మా" అని నాకే చెప్పారు. విడాకులకు వేస్తే పురానీ హవేలీ ఫ్యామిలీ కోర్టు మీడియేషన్‌కు పంపింది. మళ్లీ అదే పంచాయితీ అయితే వెళ్లడం దేనికి?

జవాబు: మూడు పంచాయితీలు చూశాక నాలుగోదంటే విసుగే. కానీ పెద్దమనుషులు తీర్పు చెబుతారు, మీడియేటర్ తప్పెవరిదో తేల్చరు. ఇద్దరితో కలిపీ, విడివిడిగానూ మాట్లాడతారు. విడిగా చెప్పింది అతనికి చెప్పొద్దంటే చెప్పరు. అక్కడి మాటలు జడ్జి దగ్గరికీ వెళ్లవు. కుదరకపోతే కుదరలేదన్న ఒక్క ముక్క వెళ్తుంది, కేసు మామూలుగా నడుస్తుంది. ముందు రాజీకి ప్రయత్నించాలని 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టంలోనే ఉంది కాబట్టి, మిమ్మల్ని తప్పుపట్టి పంపారనుకోకండి. గొడవ లేకుండా విడిపోవడం కూడా రాజీయే.

వెళ్లేముందు ఒక నోట్‌బుక్‌లో పాప సంగతి రాసుకోండి. "వారానికోసారి చూపిస్తాను" అంటే చాలదు. శనివారం స్కూలు దగ్గర ఎవరు తీసుకెళ్తారు, ఆదివారం ఎన్నింటికి దింపుతారు, దసరా సెలవులు ఎవరి దగ్గర, సంక్రాంతి ఎవరి దగ్గర, జ్వరమొస్తే ఆ వారం ఏం చేయాలి, టర్మ్ ఫీజు ఎవరు కట్టాలి? బంగారం, పెళ్లి సామాను లిస్టూ రాయండి. నా దగ్గరికొచ్చిన ఒక జంట ఫ్లాటు సంగతి అరగంటలో తేల్చుకుని, వెట్ గ్రైండర్ దగ్గర రెండు వాయిదాలు ఆగిపోయారు. అది ఆవిడకు వాళ్లమ్మ కొనిచ్చింది. నాకైతే నవ్వు రాలేదు.

ఇద్దరూ ఒప్పుకుంటే పరస్పర అంగీకారంతో విడాకులు అడగొచ్చు. దానికి ఏడాది విడిగా ఉండాలి, మీకది నిండింది. తర్వాత మామూలుగా ఆరు నెలలు ఆగాలి. విడిగా ఉండి ఏడాదిన్నర దాటి, భరణం, పిల్లల సంగతి తేలిపోయి ఉంటే ఆ గడువు తీసేయొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. మీకు ఇంకో నాలుగు నెలలు.

ఒకటి మీరు రాయలేదు. అతను చెయ్యి చేసుకునేవాడా? అయితే ఆ మాట మొదటి రోజే మీడియేటర్‌కు చెప్పి, ఎదురెదురుగా కూర్చోనని అనండి. లాయరు ఫీజు భారమైతే లీగల్ సర్వీసెస్ అథారిటీని అడగండి, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.

ఒప్పందం కాగితం మీద అక్కడికక్కడే సంతకం పెట్టకండి. ఒక కాపీ ఇంటికి తెచ్చుకుని మర్నాడు పొద్దున చదవండి. ముందు లాయరుకు చూపించండి, బాబాయిలకు తర్వాత.