కోళ్ల ఫారం వ్యర్థాలపై రూల్స్ గట్టిగా ఉంటే మనుషులకు జబ్బులు తగ్గుతాయా?

తగ్గుతాయండి. కాకపోతే వ్యర్థాలంటే అందరూ పెంట (కోళ్ల రెట్ట) గురించే అనుకుంటారు. నన్నడిగితే, చచ్చిన కోడి ఎక్కడికి పోతోందన్నది ముందు చూడాలి.

మాది తణుకు వైపు లేయర్ ఫారం, అంటే గుడ్ల కోళ్లది. ఎంత బాగా చూసుకున్నా రోజూ కొన్ని కోళ్లు పోతూనే ఉంటాయి, మేం మోర్టాలిటీ అంటాం. పొద్దున్నే ఏరి గుంటలో వేసి, సున్నం చల్లి, మట్టి కప్పుతాం. మామూలు రోజుల్లో ఇదేం కష్టం కాదు. 2025 ఫిబ్రవరిలో వేల్పూరు, కానూరు అగ్రహారం ఫారాల్లో బర్డ్ ఫ్లూ అని భోపాల్‌లోని పశువ్యాధుల ల్యాబ్ తేల్చేలోపే మా చుట్టుపక్కల కోళ్లు కుప్పలుగా రాలాయి. అన్నిటికి గుంట తీయాలంటే జేసీబీ కావాలి, స్థలం కావాలి. మా డెల్టా నేల కాస్త తవ్వితే నీళ్లూరతాయి. దాంతో కొందరు రాత్రికి రాత్రి గోనె సంచుల్లో కట్టి కాలవగట్టున పడేశారు. తెల్లారేసరికి కుక్కలు, కాకులు ఆ సంచుల మీదే.

రూల్స్ లేక కాదు. 5,000 కోళ్లు దాటిన ఫారానికి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. కోడి వ్యర్థాలు చేపల చెరువుల్లో వేయకూడదు, అయినా క్యాట్‌ఫిష్ చెరువులకు వ్యాన్లు పోతూనే ఉన్నాయి. అసలు చిక్కు పరిహారంలో ఉంది. ప్రభుత్వం చంపించిన కోళ్లకే డబ్బులొస్తాయి, వాటంతటవి చచ్చినవాటికి రావు. పైగా కోళ్లు చస్తున్నాయని అధికారులకు కబురు చెబితే, బర్డ్ ఫ్లూ అని తేలాక కిలోమీటరు లోపు కోళ్లన్నీ చంపేస్తారు, పక్క రైతులు మొహం చూడరు. ఇంకెవరు చెబుతారు?

మనుషుల సంగతికొస్తే, హెచ్5ఎన్1 (ఈ బర్డ్ ఫ్లూ వైరస్) అంత తేలిగ్గా మనకు అంటదు. బాగా ఉడికిన కూరతో టెన్షన్ అక్కర్లేదు. పచ్చి మాంసం, రెట్టలు, చచ్చిన కోళ్లు ముట్టేవాళ్లకే ప్రమాదం. ఆ మార్చిలో పల్నాడు జిల్లాలో పచ్చి కోడిముక్క తిన్న చిన్నపాప ఈ వైరస్‌తోనే చనిపోయింది. బర్డ్ ఫ్లూ లేని రోజుల్లో కూడా సాల్మొనెల్లా అనే విరేచనాల క్రిమి ఉండనే ఉంటుంది. పెంట తడిస్తే ఈగలు ముసిరి దాన్ని ఇళ్లకు మోస్తాయి. అదే పెంటను వాన తగలకుండా కుప్ప పోసి మాగనిస్తే లోపల వేడి 55 డిగ్రీలు దాటి చాలావరకు క్రిములు చస్తాయి.

పంచాయతీలో అర్జీ పెట్టేటట్టయితే వాసన గురించి రాసి ఊరుకోకండి. గుంట ఎక్కడుంది, మోర్టాలిటీ రిజిస్టర్ రాస్తున్నారా, వ్యర్థాలు ఎత్తుకుపోవడానికి సాయంత్రం వచ్చే వ్యాను ఎవరిది అని అడగండి. మాలాంటివాళ్ల కోసం ఇంకో ముక్క కూడా రాయండి: మండలానికో పాతిపెట్టే స్థలం, జేసీబీ ఖర్చు ప్రభుత్వానిది.